కేల్ తప్పేం లేదు, మీ చేతి తప్పూ లేదు: నెల కుదరలేదంతే

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజాం. ఇంటి వెనక పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి ఒకటుంది. మేడ మీద కొన్ని కుండీలున్నాయి. వంగ, బెండ, తోటకూర, గోంగూర బాగానే కాస్తాయి. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి కేల్ అనే ఆకుకూర గింజల ప్యాకెట్ తెచ్చింది. జూన్‌లో తొలకరి పడగానే కుండీలో చల్లాను. మొలిచాయి గానీ సన్నగా సాగి, మొదలు దగ్గర నల్లబడి సగం పడిపోయాయి. మిగిలినవాటిని పురుగు తూట్లు పొడిచేసింది. సంక్రాంతి వెళ్లాక మళ్లీ వేశాను. ఈసారి మొక్కలు బతికాయి. ఏప్రిల్‌లో కోసి పప్పులో వేస్తే మా అత్తగారు ఒక్క ముద్ద తిని, "ఇదేటి కూరే, వేపాకు నమిలినట్టుంది" అని కంచం పక్కకి నెట్టేశారు. అసలు మన వేపు ఇది పండుతుందా, ఆపెయ్యమంటారా? ఇంకో మాట. మా మావగారికి గుండె ఆపరేషన్ అయ్యింది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. పక్కింటివారేమో కేల్ పచ్చిది జ్యూస్ చేసి రోజూ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు:

అమ్మా, ఆపొద్దు. ఆ గింజ నుంచి మొక్క తీసి, ఆకు కోసేదాకా తెచ్చారంటే మీకు చెయ్యడం వచ్చినట్టే. మీరు వేసిన రెండుసార్లూ ఆ మొక్కకి పడని నెలలే దొరికాయి. జూన్‌లో వేసింది ఉక్కపోతకీ ముసురుకీ పోయింది, సంక్రాంతి తర్వాత వేసింది ఎండలో పెరిగి చేదెక్కింది. ఈ రెంటికీ మధ్య మన ప్రాంతంలో కేల్‌కి ఒక కాలముంది. అది దీపావళి నుంచి శివరాత్రి దాకా. ఆ నాలుగు నెలలు దానికిచ్చి, మిగతా ఎనిమిది నెలలు మడి మన కూరలకిచ్చేస్తే ఏ గొడవా ఉండదు. రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది గానీ ఎండ, వాన మాత్రం పాత లెక్కనే నడుస్తున్నాయి కాబట్టి ఈ జవాబు రెండు జిల్లాలవారికీ పనికొస్తుంది.

కేల్ కొత్త మొక్కలా కనిపిస్తుంది గానీ మనకి తెలిసిన కుటుంబమే. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, బ్రకోలీ అన్నీ శాస్త్రం ప్రకారం ఒకే జాతి. ఒకదానిలో ఆకులు ముడుచుకుని గడ్డయ్యాయి, ఒకదానిలో పువ్వు ముద్దగట్టింది, ఒకదానిలో కాండం ఉబ్బింది. కేల్‌లో ఏదీ ముడుచుకోదు, ఆకులు విడివిడిగా విచ్చుకునే పెరుగుతాయి. కశ్మీర్‌లో రోజూ వండుకునే హాక్ కూర కూడా దీనికి దగ్గరి చుట్టమే. కాబట్టి మీ ఊళ్లో రైతులు కాలీఫ్లవర్ నారు ఎప్పుడు నాటుతున్నారో చూస్తే మీకు సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

దీనికి బాగా నచ్చేది 15 నుంచి 21 డిగ్రీల వేడి. మంచు పడే దేశాల్లో, చలికి ఆకులో చక్కెర పెరిగి రుచి తీపెక్కుతుంది. మనకి మంచు పడదు. అయినా డిసెంబరు, జనవరి రాత్రుళ్లు చల్లబడతాయి కదా, ఆ చలి చాలు ఆకు తినేలా రావడానికి. పగలు 28 డిగ్రీలున్నా ఓర్చుకుంటుంది. మార్చి దాటి 35కి పోయిందంటే మొక్క చావదు, అదే మనల్ని మోసం చేసేది. పచ్చగానే నిలబడుతుంది, ఆకు మాత్రం దళసరెక్కి, నారెక్కి, చేదెక్కుతుంది. ఏప్రిల్‌లో మీ అత్తగారి కంచంలో పడింది ఆ ఆకే. ఆవిడ అన్నది నిజమే, ఆవిడతో వాదన పెట్టుకోకండి.

ఇక నెలల లెక్క. దసరా వెళ్లాక విజయనగరంలో జరిగే పైడితల్లమ్మ సిరిమాను అయ్యాక మడి తవ్వి గెత్తం (పశువుల ఎరువు) కలిపి వదిలెయ్యండి. దీపావళి, నాగుల చవితి రోజుల్లో గింజ నారు పోయండి. దీపావళి ముందుగా అక్టోబరు మూడో వారంలోనే వచ్చేసిన ఏడు, తొందరపడకుండా నెలాఖరు దాకా ఆగండి. నాలుగైదు వారాలకి, అంటే కార్తీకం చివర, మొక్కకి నాలుగైదు నిజమైన ఆకులు వచ్చాక మడిలోకి నాటండి. సంక్రాంతికి మొదటి కోత వస్తుంది. శివరాత్రి దాకా వారం వారం కోసుకోండి. ఫిబ్రవరి నడుమ నుంచి మధ్యాహ్నం ఎండ తగలకుండా పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కడితే ఇంకో రెండు మూడు వారాలు లాక్కొస్తారు. ఉగాదికి పీకి గెత్తం గోతిలో పడెయ్యండి. పచ్చగా ఉందని జాలిపడి ఉంచితే రసం పీల్చే పేనుబంకకి ఇల్లు కట్టించి ఇచ్చినట్టే.

అక్టోబరులో ఎందుకు ఆగమంటున్నానంటే, మన తీరానికి ఆ నెలంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. అంత పెద్ద తుపాను రాకపోయినా ఒక వాయుగుండం చాలు, మూడ్రోజుల ముసురులో చిన్న నారు కుళ్లిపోతుంది. జూన్‌లో మీ మొక్కలు మొదలు దగ్గర నల్లబడి పడిపోయాయని రాశారే, అది నారుకుళ్లు. గింజ ఒత్తుగా పడి, మట్టి తడి ఆరక, గాలి ఆడకపోతే వచ్చే తెగులు. సన్నగా సాగడం మబ్బుకి వెలుతురు చాలక. దీనికి మందు కన్నా పద్ధతి ముఖ్యం. కేల్ గింజ చూడ్డానికి ఆవగింజలాగే ఉంటుంది, గ్రాముకి దాదాపు 300 తూగుతాయి, అందుకే చెయ్యి జారితే ఒత్తుగా పడుతుంది. చల్లొద్దు. ట్రేలోనో, అడుగున కన్నం పెట్టిన పాత టీ కప్పుల్లోనో కప్పుకి రెండేసి గింజలు, సెంటీమీటరు లోతున పెట్టండి. సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), సగం జల్లించిన వర్మీకంపోస్ట్ చాలు. అందులో చెంచాడు ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లని అణిచే మేలు చేసే బూజు) పొడి కలిపితే నారుకుళ్లు చాలావరకు ఆగుతుంది. మొలక వారం లోపు వస్తుంది. వచ్చిన రోజు నుంచీ పూర్తి ఎండలో పెట్టండి, వాన సూచన ఉంటే ట్రే ఎత్తి వరండాలోకి తెచ్చెయ్యండి. కుండీలో నారు పోసుకోవడంలో ఉన్న సుఖం అదొక్కటే. కప్పుకి రెండూ మొలిస్తే బక్కదాన్ని కత్తెరతో కత్తిరించండి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

నేల గురించి ఎక్కువ చెప్పను. మీ రాజాం వేపు ఎర్రనేలైతే గెత్తం బాగా కలిపితే చాలు. కవిటి, సోంపేట వేపు ఇసుక నేలలవారు మాత్రం రెట్టింపు గెత్తం వేసి, పైన వరిగడ్డి మందంగా పరవాలి. లేకపోతే పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు, నీరు చాలని కేల్ కూడా చేదెక్కుతుంది. కిందటి పంట క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి అయితే ఆ మడిలో మళ్లీ ఈ కుటుంబాన్ని పెట్టకండి. బెండ తీసేసిన చోటు బాగుంటుంది.

మొక్కకీ మొక్కకీ అడుగున్నర. మీ మడిలో రెండు వరసలకి పన్నెండు దాకా పడతాయి గానీ నలుగురున్న ఇంటికి ఎనిమిది మొక్కలు ధారాళం. మిగిలిన చోట నూల్‌కోల్ పెట్టండి. దాని గడ్డా తినొచ్చు, లేతాకూ వండొచ్చు, మీ అత్తగారు వంక పెట్టకపోవచ్చు కూడా. మేడ మీద కుండీల్లో వేస్తే అడుగు లోతు, అడుగు వెడల్పు తగ్గకూడదు, కుండీకి ఒకే మొక్క. అయితే మేడ గచ్చు సాయంత్రం దాకా వేడి చిమ్ముతుంది, చలి ఇష్టపడే మొక్కకి నేల మీది మడే మేలు.

ఇప్పుడు అసలు శత్రువు. మీ ఆకులకి తూట్లు పొడిచింది డైమండు రెక్కల పురుగు అయ్యుండాలి. ఓసారి ఆకు తిరగేసి చూడండి. సన్నగా, లేతాకుపచ్చగా, సెంటీమీటరు పొడవైన పురుగులు కనిపిస్తాయి. పుల్లతో తాకితే గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి పాకి, సన్నని దారానికి వేలాడుతూ జారిపోతుంది. కాసేపయ్యాక ఆ దారం పట్టుకునే పైకెక్కుతుంది. చిన్న పురుగు ఆకు అడుగు నుంచి గీకి, పైపొర ఒక్కటీ వదిలేస్తుంది, ఆకు మీద అక్కడక్కడా అద్దం ముక్క అతికించినట్టు తెల్లటి పలచని మచ్చలు అవే. అవి చూసిన రోజునే పట్టుకుంటే సరి, తూట్లు పడ్డాక పట్టుకుంటే ఆలస్యమే. తల్లి పురుగు బూడిద రంగు చిన్న రెక్కల పురుగు, రెక్కలు ముడిస్తే వీపు మీద వజ్రాల ఆకారంలో మూడు మచ్చలు కనిపిస్తాయి.

దుకాణానికి వెళ్లి "పురుగు మందివ్వండి" అని అడిగేస్తారేమో, వద్దు. ఈ పురుగు మందులకి లొంగకపోవడంలో పేరుమోసింది. డీడీటీ అనే పురుగు మందుని తట్టుకున్న పంట పురుగుగా 1953లో జావాలో బయటపడింది ఇదే. ఆ తర్వాత వచ్చిన మందుల్లోనూ చాలావాటికి అలవాటు పడిపోయింది. పైగా మనం వారానికోసారి కోసి తినే ఆకు అది, ఘాటు మందు కొట్టి రెండు వారాలు ఆగే ఓపిక ఎవరికుంది?

దానికన్నా దోమతెర నయం. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. సొరకో, దోసకో అయితే తేనెటీగలు వస్తే గానీ కాయ నిండదు, తెర కప్పితే నష్టం. కేల్‌లో మనకి కావలసింది ఆకే కాబట్టి నాటిన రోజు నుంచి పీకే రోజు దాకా కప్పి ఉంచినా ఏ ఇబ్బందీ లేదు. వెదురు బద్దలు వంచి మడికి అటూ ఇటూ గుచ్చి, పాత దోమతెర పరిచి, అంచుల మీద మట్టి కప్పండి. చిరుగులుంటే కుట్టండి. కప్పేముందు ప్రతి ఆకూ తిప్పి చూసి, గుడ్లూ పురుగులూ ఏరెయ్యడం మరవకండి, లేదంటే దొంగని లోపలే పెట్టి తాళం వేసుకున్నట్టవుతుంది. మా దగ్గరకొచ్చే ఉత్తరాల్లో తెర కప్పాక కూడా పురుగు పట్టిందనేవారు సాధారణంగా ఈ పనే వదిలేస్తారు.

తెర కుదరకపోతే ఆవాలు. క్యాబేజీ రైతులకి పాతికేసి వరసలకి రెండు వరసల ఆవ వెయ్యమని శాస్త్రజ్ఞులు చెబుతారు, తల్లి పురుగు ఆవ మీద గుడ్లు పెట్టడానికే ఎక్కువ ఇష్టపడుతుంది కాబట్టి. మీ చిన్న మడికి అంత లెక్క అక్కర్లేదు. కేల్ నాటడానికి పదిహేను రోజుల ముందు పోపుల డబ్బాలోంచి చిటికెడు ఆవాలు తీసి మడి చుట్టూ గట్టున చల్లండి. మూడు వారాలయ్యాక మళ్లీ ఓ చిటికెడు చల్లితే మొదటిది ముదిరేసరికి రెండోది అందుకుంటుంది. ఆ ఆవ మీదకి చేరిన పురుగుని వేప కషాయంతో చంపెయ్యాలి, లేదా మొక్కతో సహా పీకి సంచిలో మూటగట్టాలి. గట్టున ఆవ పెంచి దాన్ని పట్టించుకోకపోతే మీరే పురుగుల్ని పెంచి మడిలోకి పంపినట్టు.

వేప కషాయానికి లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, పలచని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి పిండండి. అంత తీరిక లేకపోతే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొట్టొచ్చు. కేల్ ఆకు మీద మైనపు పొర ఉంటుంది, నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లి కింద పడిపోతాయి. మందూ అలాగే జారిపోతుంది. అందుకని ముందు కాస్త కుంకుడు రసమో, సబ్బు నీళ్లో కలిపి, అందులో నూనె చిలికి, తర్వాత నీళ్లు పోయాలి. ఆకు అడుగున తడవాలి, పైన తడిస్తే లాభం లేదు. పురుగు మరీ ఎక్కువైతే బి.టి. పొడి దొరుకుతుంది, లీటరుకి గ్రాము. అది ఒక బ్యాక్టీరియా, గొంగళిపురుగు తింటేనే పనిచేస్తుంది, ఎండకి చెడిపోతుంది, అందుకే పొద్దు వాలాక కొట్టాలి.

పేనుబంక వేరే సంగతి. అది జనవరి చివర, చలి తగ్గుతుంటే లేత చిగురులో గుంపుగా చేరుతుంది, దోమతెర దాన్ని ఆపదు. మొదట్లోనే గొట్టంతో గట్టిగా నీళ్లు కొట్టి దులిపెయ్యండి. పేనుబంకని తినే అక్షింతల పురుగులు కనబడితే సంతోషించి తెర కాసేపు తీసి ఉంచండి, అవి చేసే పని మనం చెయ్యలేం. ఆకు అంచు నుంచి లోపలికి కోణంగా పసుపు పచ్చబడి ఈనెలు నల్లబడితే అది నల్లకుళ్లు, ఆ మొక్క పీకి దూరంగా పారెయ్యండి, గెత్తం గోతిలో వెయ్యకండి.

ఆకు కోసే తీరులోనే రుచంతా ఉంది. చాలామంది కొత్తిమీర కోసినట్టు పైన చిగురు తుంచేస్తారు. చిగురు పోతే మొక్క పైకి ఎదగడం ఆగిపోతుంది. అడుగున ఉన్న ఆకు కాడని కాండం దగ్గర పట్టుకుని కిందకి లాగితే టప్పున ఊడొస్తుంది. వారానికి మొక్కకి రెండు మూడు ఆకులు, పైన ఆరేడు ఎప్పుడూ ఉంచాలి. అరచెయ్యంత ఉన్నప్పుడే కొయ్యండి. విస్తరంత అయ్యేదాకా చూసి మురిసిపోతే తర్వాత నమలలేరు. కోసిన ప్రతిసారీ గుప్పెడు వర్మీకంపోస్ట్ గానీ, నానబెట్టిన ఆవచెక్క నీళ్లు పదింతలు పలచన చేసి గానీ పొయ్యండి.

వంటకి రకం కూడా చూడాలి. నొక్కుల ఆకు రకం అందంగా ఉంటుంది గానీ ఆ మడతల్లో ఇసుక, పేనుబంక దాక్కుంటాయి, కడగలేక చస్తాం. లాసినాటో అనే పొడవాకు రకం మన వేడికి కాస్త ఎక్కువ ఓరుస్తుంది, కడగడం తేలిక. ప్యాకెట్ మీద బొమ్మ చూసి ఈసారి అది తెమ్మని మీ అమ్మాయికి చెప్పండి. మధ్య ఈనె తీసేసి, సన్నగా తరిగి, ఉడికే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి పిండాకే పోపులో వెయ్యాలి. పప్పులో కన్నా ఆవపెట్టి వండితే దానికి బాగా నప్పుతుంది, ఎంతైనా ఆవ కుటుంబమే కదా. నువ్వుగుండ వేసి చేసినా బాగుంటుంది, మీ అత్తగారిముందు మొదట అదే పెట్టండి. రెండు మూడు ఆకులే తోటకూరలో కలిపి వండి, ఏం వేశారో చెప్పకపోయినా తప్పు లేదు.

మీ మావగారి సంగతి ఇంత తేలిగ్గా చెప్పను. రక్తం పలచబడే మాత్రలన్నీ ఒకటి కావు. స్టెంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివాటికి ఆకుకూరలతో పేచీ లేదు. గుండెలో కవాటం మార్చినవాళ్లకి ఎక్కువగా ఇచ్చే వార్ఫరిన్, ఎసినోకుమరాల్ మాత్రం విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. కేల్‌లో ఆ విటమిన్ చాలా ఎక్కువ. ఒక్కసారిగా రోజూ గ్లాసుడు జ్యూస్ మొదలెడితే మాత్ర పని తగ్గిపోతుంది, హఠాత్తుగా మానేస్తే పని పెరిగిపోతుంది, రెండూ ప్రమాదమే. మాత్ర అట్ట తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించి, వారానికి ఎంత ఆకుకూర తినొచ్చో అడగండి. ఆయన చెప్పేదాకా జ్యూస్ వద్దు. ఉద్దానం వేపు మూత్రపిండాల జబ్బున్న ఇళ్లు ఎక్కువ, ఆ పాఠకులు కూడా ఇది చదువుతుంటారు: పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు ఏ ఆకుకూరనైనా అడిగే తినాలి, జ్యూస్‌ల జోలికి అసలు పోకూడదు.

ఇక పక్కింటివారు చెప్పే మహిమలు. కేల్ మంచి ఆకే. పాలకూరతో పోలిస్తే ఇందులో క్యాల్షియాన్ని పట్టి ఉంచేసే ఆక్సలేట్లు బాగా తక్కువ, అందువల్ల అందులోని క్యాల్షియం ఒంటికి బాగా పడుతుంది. అది నిజం. కానీ క్యాల్షియానికి మీ వీధి చివర మునగచెట్టు కూడా తక్కువది కాదు, అదీ ఏడాది పొడవునా, పురుగు మందు లేకుండా. కేల్ దొరకని ఎనిమిది నెలలూ ఏదో పోగొట్టుకున్నట్టు అనుకోనక్కర్లేదు. ఉగాదికి మడి ఖాళీ అయ్యాక బచ్చలి, పొన్నగంటి, తోటకూర, గోంగూర వేసుకోండి. ఎండని ప్రేమించే కూరలు అవి.

చివరిగా ఆ ప్యాకెట్‌లో మిగిలిన గింజల గురించి. తడిగాలి తగిలేచోట వదిలేసుంటే మొలక శాతం పడిపోయి ఉంటుంది. పది గింజలు తీసి తడి గుడ్డలో చుట్టి, మూతున్న డబ్బాలో పెట్టి వారం చూడండి. ఏడు దాటి మొలిస్తే ఈ దీపావళికి అవే వెయ్యండి. ఐదుకి తగ్గితే కొత్తవి తెప్పించుకోండి. మధ్యలో ఉంటే కప్పుకి నాలుగేసి పెట్టండి. వాడగా మిగిలినవి గట్టి మూత సీసాలో ఫ్రిజ్‌లో దాచండి, ఎందుకంటే మన మైదానపు చలి కేల్ పూతకి సాధారణంగా చాలదు. సొంత విత్తనం కట్టుకునే వీలు ఉండదు, ప్రతిసారీ కొనుక్కోవలసిందే.